దుర్గాబాయి దేశ్‌ముఖ్

దుర్గాబాయి దేశ్‌ముఖ్ (జూలై 15, 1909 - మే 9, 1981) భారత స్వాతంత్ర్య సమరయోధురాలు, న్యాయవాది, సంఘ సంస్కర్త, ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలు. రాజ్యాంగ సభ సభ్యురాలిగా, ప్రణాళికా సంఘ సభ్యురాలిగా, కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి తొలి అధ్యక్షురాలిగా పనిచేసింది. భార్యాభర్తలు వేరుపడినపుడు వారి తగవులను, పిల్లల పోషణ, సంరక్షణ విషయాలను విచారించడానికి ప్రత్యేకంగా కుటుంబ న్యాయస్థానాలు ఉండాలని మన దేశంలో తొలుత సూచించినవారిలో ఈమె ముఖ్యురాలు.

బాల్యం, వివాహం

దుర్గాబాయి రాజమండ్రిలో రామారావు, కృష్ణవేణమ్మ దంపతులకు జన్మించింది. బాల్యం కాకినాడలో గడిచింది. ఎనిమిదేళ్ల వయసులో బంధువైన సుబ్బారావుతో వివాహం జరిగింది. యుక్తవయసు వచ్చాక ఆ వివాహ బంధంలో కొనసాగడానికి ఆమె అంగీకరించలేదు. తండ్రి, సోదరుడు ఆమె నిర్ణయాన్ని సమర్థించారు. వారికి సంతానం లేదు.

ఆనాటి హిందూ ధర్మశాస్త్రంలో విడాకులకు చోటులేదు. భర్త మరొక వివాహం చేసుకోవడానికి మాత్రం అభ్యంతరం లేదు. సుబ్బారావు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. 1941లో ఆయన మరణించిన తరువాత రెండవ భార్య బంధువుల పంచన కష్టాలు పడింది. దుర్గాబాయి ఆమెను తన వద్దకు పిలిపించుకొని, ఆంధ్ర మహిళా సభలో వృత్తివిద్య నేర్పించి, స్వంత సంపాదనతో బ్రతికే మార్గం చూపింది. ఆమె తరువాత హైదరాబాదులో హస్తకళల ఉపాధ్యాయిని అయింది.

స్వాతంత్ర్యోద్యమం, విద్య

దుర్గాబాయి చిన్నతనంలోనే బాలికలకు హిందీ పాఠశాల నడిపింది. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల సందర్భంగా జరిగిన ఖాదీ ప్రదర్శనలో స్వచ్ఛంద సేవకురాలిగా ఉండి, టిక్కెట్టు లేనందున జవహర్‌లాల్ నెహ్రూను సైతం లోనికి వెళ్ళనివ్వలేదు. 1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్నది. 1930, 1933 మధ్య మూడుసార్లు జైలు శిక్ష అనుభవించింది. ఆ తరువాత చదువు కొనసాగించి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం, మద్రాసులో న్యాయశాస్త్రం చదివి న్యాయవాది అయింది.

1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించింది. బడి మానిన స్త్రీలను మెట్రిక్ పరీక్షకు తయారుచేయడం, వృత్తులు నేర్పడం ఈ సంస్థ తొలి కార్యక్రమాలలో ముఖ్యమైనవి.

ప్రజా జీవితం

1946లో మద్రాసు రాష్ట్రం నుండి రాజ్యాంగ సభకు ఎన్నికైంది. సభాధ్యక్షుల ప్యానెల్‌లో ఉన్న ఏకైక మహిళ ఈమె. స్త్రీలకు ఆస్తిహక్కు ఉండాలని వాదించింది. 1952 ఎన్నికలలో ఓడిపోయిన తరువాత ప్రణాళికా సంఘ సభ్యురాలయింది. 1953 జనవరిలో ఆనాటి ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌ను వివాహం చేసుకున్నది. నెహ్రూ ఈ పెళ్ళికి సాక్షి సంతకం చేసినవారిలో ఒకడు. అదే సంవత్సరం ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి బాధ్యతలు స్వీకరించింది. 1958లో జాతీయ మహిళా విద్యా మండలికి అధ్యక్షురాలయింది.

కుటుంబ న్యాయస్థానాల ఆలోచన

1950ల తొలినాళ్ళలో చైనాలో పర్యటించినపుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాల పనితీరును దుర్గాబాయి పరిశీలించింది. తిరిగివచ్చాక, అటువంటి కోర్టులు మన దేశానికి అవసరమని బొంబాయి హైకోర్టుకు చెందిన ఎం.సి.ఛాగ్లా, పి.బి.గజేంద్రగడ్కర్‌లతోను, ప్రధానమంత్రి నెహ్రూతోను చర్చించింది.

ఈ అవసరం ఎందుకు కలిగిందో తెలియాలంటే అప్పటి న్యాయవ్యవస్థను గమనించాలి. వేరుపడిన తల్లి తనకు, బిడ్డకు భరణం కోరాలంటే మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్ళాలి. బిడ్డ ఎవరి వద్ద పెరగాలన్నది జిల్లా కోర్టు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం క్రింద తేల్చేది. 1955లో హిందూ వివాహ చట్టం వచ్చిన తరువాత విడాకుల దావా మరొకటి తోడయింది. ఒకే ఇంటి తగవు మూడు వ్యాజ్యాలుగా నడిచేది. అన్ని సంవత్సరాలూ బిడ్డ పెరుగుతూనే ఉంటుంది.

1974లో లా కమిషన్ తన 59వ నివేదికలో, కుటుంబ వివాదాలను సాధారణ సివిలు దావాల వలె నడపరాదని స్పష్టం చేసింది. మహిళా సంఘాలు కూడా ఈ కోరికను ముందుకు తెచ్చాయి. దుర్గాబాయి 1975లో పద్మవిభూషణ్ పురస్కారం పొందింది. 1981 మే 9న మరణించింది. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో, అనగా ఈమె మరణించిన మూడేళ్ళకు వచ్చింది.

చట్టంలోని ముఖ్యాంశాలు

ఈ చట్టం 7వ సెక్షను ప్రకారం విడాకులు, భరణం, మైనరు పిల్లల సంరక్షణ, వారిని కలుసుకొనే హక్కు, ఇవన్నీ ఒకే న్యాయస్థానం పరిధిలోకి వచ్చాయి. మొదట రాజీకి ప్రయత్నించడం న్యాయమూర్తి విధి. సలహాదారుల సహాయం తీసుకొనవచ్చును. కక్షిదారులు కోరితే విచారణ ఆంతరంగికంగా జరుపుతారు. న్యాయమూర్తుల నియామకంలో స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టంలో ఉన్నది.

భరణం: 2024 జూలై 1 వరకు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షను, ఆ తరువాత భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షను దీనికి ఆధారం. నెలకు 500 రూపాయలకు మించరాదన్న పరిమితిని 2001లో తొలగించారు. మధ్యంతర భరణం అర్జీని, వీలైనంతవరకు, ఎదుటి పక్షానికి నోటీసు అందిన 60 రోజులలో పరిష్కరించాలి. భరణం దరఖాస్తు పెట్టిన తేదీ నుండే చెల్లించాలని 2020లో సుప్రీంకోర్టు నిర్దేశించింది. పోషణ తండ్రి ఒక్కడి బాధ్యతే కాదు. 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టం తల్లిపైన కూడా ఈ బాధ్యత ఉంచింది.

పిల్లల నివాసం: హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం (1956) ప్రకారం అయిదేళ్ళలోపు బిడ్డ సాధారణంగా తల్లి వద్ద ఉండాలి. అన్నింటికంటె బిడ్డ క్షేమమే ముఖ్యం. తండ్రి లేక తల్లి బిడ్డను వారంలో ఎన్ని గంటలు చూడాలి, రాత్రి తమ ఇంట ఉంచుకోవచ్చునా, సెలవులు ఎవరి వద్ద గడపాలి అన్నదానికి చట్టంలో పట్టిక ఏదీ లేదు. బిడ్డ వయసు, బడి, ఇళ్ళ మధ్య దూరం వంటివి చూసి న్యాయమూర్తి నిర్ణయిస్తారు. హిందూ వివాహ చట్టం 26వ సెక్షను ప్రకారం ఈ ఉత్తర్వులను తరువాత మార్చుకొనే వీలున్నది. ఉమ్మడి సంరక్షణకు చట్టంలో స్థానం కల్పించాలని 2015లో లా కమిషన్ 257వ నివేదికలో సూచించింది.

విజయవాడలోనూ కుటుంబ న్యాయస్థానం ఉన్నది. ఉదాహరణకు, భర్త వేరే జిల్లాలో ఉన్నప్పటికీ, బిడ్డతో పటమటలో నివసించే తల్లి భరణం అర్జీని విజయవాడలోనే దాఖలు చేయవచ్చును. బిడ్డ సంరక్షణ అర్జీ కూడా బిడ్డ మామూలుగా నివసించే ప్రాంతపు కోర్టుకే చేరుతుంది. కనుక తండ్రి కూడా అక్కడికే రావలసి ఉంటుంది. ఇద్దరి మాటా ఒకే న్యాయమూర్తి వింటారు. దుర్గాబాయి ఈ న్యాయస్థానాలను చూడలేదు. కానీ వాటి అవసరాన్ని మూడు దశాబ్దాల ముందే గుర్తించింది.