శామ్యూల్ కోల్ట్ – రివాల్వర్ వెనుక మనిషి

వార్షికోత్సవ సంచికకు గొప్పవారి జీవితం రాయమంటే తుపాకులు చేసినవాడి కథ ఎందుకని మీరు అడగవచ్చు. మేము అతడిని మహనీయుడని అనడం లేదు. పాత రివాల్వర్లు సేకరించేవారు వాటి విలువ ఎలా కడతారో చదువుతుంటే, ఈ మనిషినీ అలాగే పరీక్షించి చూడాలనిపించింది.

శామ్యూల్ కోల్ట్ 1814 జూలై 19న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో జన్మించాడు. చిన్నప్పుడే తల్లి చనిపోయింది. చదువు నిలవలేదు. 1830లో కార్వో అనే ఓడలో పనికి కుదిరి కలకత్తాకు బయలుదేరాడు. అవును, మన కలకత్తాకే! ఆ ప్రయాణంలోనే రివాల్వర్ నమూనాను చెక్కతో చెక్కాడని చెబుతారు.

తిరిగి వచ్చాక డబ్బు కావాల్సి వచ్చింది. పేరుకు ముందు డాక్టర్ అని తగిలించుకుని, ప్రకటనల్లో కలకత్తా పేరు కూడా వేసుకుని, ఊరూరా జనం చేత నవ్వించే గ్యాస్ పీల్పించి సొమ్ము చేసుకున్నాడు. ఒక్క డిగ్రీ కోసం మా అమ్మానాన్నలు ఎన్నేళ్లు కూలికి పోయారో మాకు తెలుసు. అందుకే ఇక్కడ కాస్త కోపం వచ్చింది.

1836 ఫిబ్రవరి 25న అమెరికాలో పేటెంట్ పొందాడు. తిరిగే తుపాకి అతడికంటే ముందే ఉంది. సుత్తిని వెనక్కి లాగగానే సిలిండర్ దానంతటదే తిరిగి గొట్టానికి ఎదురుగా బిగుసుకునేలా చేయడమే అతడి ఘనత. మందు, గుండు ముందు నుంచి దట్టించి, వెనుక చిన్న రాగి టోపీ పెట్టి పేల్చాలి. ప్యాటర్సన్‌లో పెట్టిన కంపెనీ 1842లో మూతపడింది. అప్పటికి అతడికి 28 ఏళ్లు.

ఆ తుపాకులు టెక్సాస్ రేంజర్ల చేతుల్లో కొమాంచీ ఆదివాసుల మీద పేలాయి. ఆ పేరే మళ్లీ అతడిని నిలబెట్టింది. మెక్సికోతో యుద్ధం రాగానే కెప్టెన్ వాకర్ సలహాతో ప్రభుత్వం 1000 రివాల్వర్లు అడిగింది. సొంత ఫ్యాక్టరీ లేక 1847లో వేరొకరి ఫ్యాక్టరీలో చేయించాడు. ఒక్కొక్కటి రెండు కిలోల పైమాటే! తర్వాత వచ్చిన 1851 నేవీ మోడల్ రెండు లక్షలకు పైగా తయారైంది. అంతర్యుద్ధం ముంగిట ఉత్తరాదికీ, బానిసలను ఉంచుకున్న దక్షిణాదికీ అమ్మాడు. దీన్ని మేము తేలిగ్గా తీసుకోలేం.

ఇక పరీక్ష సంగతి. మన ఇళ్లలో ఇత్తడి చెంబును చింతపండుతో తోమితే మెచ్చుకుంటారు. పాత రివాల్వర్‌ను తోమి మెరిపిస్తే మాత్రం విలువ పడిపోతుంది. గొట్టం, ఫ్రేము, ట్రిగ్గర్ గార్డు, సిలిండర్ మీది నంబర్లు ఒకటేనా అని చూస్తారు. నేవీ మోడల్ సిలిండర్ మీద ఓడల యుద్ధం బొమ్మ ఉంటుంది. అది అరిగిందా, మళ్లీ చెక్కారా అని భూతద్దంతో వెతుకుతారు. 1950ల చివరి నుంచి ఇటలీలో అచ్చం అలాంటి నకళ్లు తయారవుతున్నాయి కాబట్టి జాగ్రత్త తప్పదు. గొట్టం మీద న్యూయార్క్ చిరునామా ఉంటే నకిలీ అని తొందరపడకూడదు. హార్ట్‌ఫర్డ్‌లో చేసిన వాటి మీదా కోల్ట్ అలాగే వేయించాడు! 2018లో ఒక వాకర్ రివాల్వర్ తన అసలు పెట్టెతో సహా వేలంలో 18 లక్షల 40 వేల డాలర్లు పలికింది.

కోల్ట్ 1862 జనవరి 10న, 47 ఏళ్లకే మరణించాడు. 1864లో ఫ్యాక్టరీ కాలిపోతే భార్య ఎలిజబెత్ మళ్లీ కట్టించింది. 1901 వరకు కంపెనీ ఆమె చేతిలోనే ఉంది.