ముసలి నౌకరుకు ఫ్రెంచి చదువు

దోస్తోయెవ్‌స్కీ అనగానే హత్యలూ, మూర్ఛలూ, పశ్చాత్తాపాలూ గుర్తుకొస్తాయి. కడుపుబ్బ నవ్వించే పుస్తకం కూడా ఆయన రాశాడు. అది రైతుల ఊరి కథ గనుక ఈ శీర్షికలో చెప్పుకోవాలనుకున్నాం. ముందు మనిషి సంగతి.

1821లో మాస్కోలో, బీదల ఆసుపత్రి డాక్టరుకి పుట్టాడు. 1831లో తండ్రి దరవోయె అనే ఊరు కొన్నాడు. ఊరు కొనడమంటే ఆ రోజుల్లో నేలతోపాటు మనుషుల్నీ కొనడమే. మగవాళ్ల తలలు లెక్కగట్టి బేరమాడేవారు. పిల్లవాడి వేసవులు ఆ అర్ధబానిస రైతుల మధ్యే గడిచాయి. 1839లో తండ్రి పోయాడు. అది సహజ మరణమని సర్కారు తేల్చింది. బాధలు పడలేక రైతులే చంపారన్న మాట మాత్రం నిలిచిపోయింది.

1849లో, అర్ధబానిసత్వాన్ని దుయ్యబట్టిన బెలిన్‌స్కీ ఉత్తరాన్ని పెత్రాషెవ్‌స్కీ బృందంలో చదివి వినిపించినందుకు మరణశిక్ష వేశారు. మైదానానికి తీసుకుపోయి, ముందు ముగ్గుర్ని గుంజలకు కట్టి, ఆఖరు క్షణంలో శిక్ష మార్చామన్నారు. అదంతా జారు ఆడించిన నాటకం. ఆపైన నాలుగేళ్లు ఓమ్‌స్క్‌లో కాళ్ల సంకెళ్లు. అక్కడి రైతు ఖైదీలు ఆయన్ని దొరల జాతివాడనే చూశారు, దగ్గరికి రానివ్వలేదు. తరువాత సైబీరియాలోనే సిపాయి కొలువు.

అక్కడ ఉండగానే 'స్తెపాంచికవో గ్రామం' రాశాడు. ఒక పత్రిక వద్దంది, మరొకటి ఇస్తానన్న డబ్బు చాలలేదు, 1859 చివర మూడోది వేసింది.

ఆ ఊరి దొర మెత్తని కల్నలు. ఆయన ఇంట్లో ఫొమా ఫొమిచ్ అని ఒకడు తిని కూర్చుంటాడు. ఒకప్పుడు ఓ జనరలు ఇంట్లో విదూషకుడిగా నానా అవమానాలూ పడ్డవాడే. ఇప్పుడు కల్నలు తల్లిని గుప్పిట్లో పెట్టుకుని పెత్తనం సాగిస్తున్నాడు. ఓట్స్ గింజకూ గోధుమ గింజకూ తేడా తెలియదు గాని, కళ్లంలో రైతుల్ని నిలబెట్టి సేద్యం బోధిస్తాడు. విద్యుచ్ఛక్తి గురించి చెబుతాడు. దొరపట్ల వాళ్ల ధర్మం ఏమిటో చెబుతాడు. బుధవారాన్ని గురువారం అనుకోమంటే ఇంటిల్లిపాదీ అలాగే అనుకుంటారు. ముసలి నౌకరు గవ్రీలాకు ఫ్రెంచి నేర్పుతాడు, జనం ముందు అప్పజెప్పమంటాడు. ఆ ముసలాయన ఒకనాడు ఇక భరించలేక ఎదురు మాట్లాడతాడు. మాకు పుస్తకంలో బాగా నచ్చిన చోటు అదే.

ఫలలేయ్ అనే కుర్రాడి గతి మరీ విడ్డూరం. రోజూ కలలో వాడికి తెల్ల ఎద్దు కనపడుతుంది. అది మోటు కల, నాగరికమైన కల కనమని ఫొమా ఆజ్ఞ! కుర్రాడు ఏడుస్తూ దేవుణ్ణి వేడుకుని పడుకుంటాడు. మళ్లీ ఎద్దే వస్తుంది. పోనీ అబద్ధం చెప్పొచ్చు కదా? వాడికి ఆ ఆలోచనే రాదు.

కపితోనవ్కా అనే మరో పల్లెను ఫొమాకు ఇచ్చేస్తారన్న మాట పుట్టేసరికి, అక్కడి రైతులు గోలుగోలున ఏడుస్తూ కల్నలు దగ్గరికి పరుగెత్తారు. కల్నలు వాళ్లను ఓదార్చాడు. మంచి దొరే కావచ్చు, మనుషుల్ని సొంతం చేసుకునే హక్కు ఆయనకెక్కడిదని మాత్రం రచయిత అడగలేదు. అక్కడ మాకు పేచీ. తరువాతి కాలంలో ఆయన విప్లవకారులకు విరోధిగానే రాశాడు, 1881లో పోయాడు. రైతుల అర్ధబానిసత్వం మాత్రం ఈ పుస్తకం వచ్చిన రెండేళ్లలోపే, 1861లో రద్దయింది.

కథలో చివరికి కల్నలు ఓపిక నశించి ఫొమాను అద్దాల తలుపులోంచి బయటికి విసిరేస్తాడు. కాసేపటికే వాన, ఉరుములు. మళ్లీ వాళ్లే పోయి వెతికి తెచ్చుకుంటారు. చచ్చేదాకా అతనిదే రాజ్యం. చచ్చాక సమాధి మీద తెల్ల పాలరాయి కట్టించారు.