యాభై దాటాక విమానాల బాట – హ్యూగో యుంకర్స్

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, మన వయసు వారికి ఉత్సాహం కలిగించే జీవితం ఎవరిదా అని ఆలోచించాను. ఉద్యోగ జీవితమంతా వర్క్‌షాపులో లోహాల మధ్య గడిపిన వాణ్ణి గనుక నాకు జర్మనీ దేశస్థుడైన హ్యూగో యుంకర్స్ గుర్తుకు వచ్చారు.

ఆయన 1859 ఫిబ్రవరి 3న రైన్ నదీ ప్రాంతంలో జన్మించారు. ఇంజనీరింగు చదివి, డెస్సావ్ నగరంలో గ్యాసు ఇంజన్లపై పరిశోధన చేశారు. గ్యాసు మండితే ఎంత వేడి పుడుతుందో కొలిచే పరికరాన్ని రూపొందించారు. ఆ అనుభవంలో నుంచే స్నానానికి నీళ్ళు కాచే గ్యాసు గీజరు వచ్చింది. 1895లో సొంత కంపెనీ పెట్టారు. 1897 నుండి 1912 వరకు ఆకెన్‌లో ప్రొఫెసరుగా పాఠాలు చెబుతూనే, గీజర్ల మీద వచ్చిన లాభాలను పరిశోధనలకు ఖర్చు పెట్టారు.

విమానాల మీద ఆయన మనసు పడేసరికి యాభై నిండాయి. అప్పట్లో విమానమంటే కర్ర, గుడ్డ, తీగలు. లోహంతో చేస్తే బరువుకు పైకి లేవదని చాలామంది నమ్మకం. 1915 డిసెంబరులో ఆయన ఉక్కు రేకు విమానం ఎగిరింది. అప్పటికి ఆయన వయసు 56. ఎగిరింది గాని బరువెక్కువ, పైకి ఎక్కడం కష్టమయ్యేది. రేకు గాడిద అని దానికి ముద్దుపేరు పెట్టారు.

దాంతో ఆయన దృష్టి డ్యురాలుమిన్ వైపు మళ్ళింది. ఇది ఆల్‌ఫ్రెడ్ విల్మ్ కనిపెట్టిన మిశ్రమలోహం. అల్యూమినియంలో సుమారు 4 శాతం రాగి, కొద్దిగా మెగ్నీషియం, మాంగనీసు ఉంటాయి. బాగా కాచి, నీళ్ళలో ముంచి, పక్కన పెడితే కొద్ది రోజుల్లో తనంతట తానే గట్టిపడుతుంది. వయసుతో బలం పుంజుకునే లోహమన్నమాట! బరువు ఉక్కులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. ఆ పలుచని రేకుకు మన షెడ్ల పైకప్పు రేకుల్లా ముడతలు పెట్టి బిగువు తెచ్చారు. 1919 జూన్‌లో, అరవయ్యో ఏట, ఎఫ్ 13 అనే పూర్తి లోహపు ప్రయాణీకుల విమానాన్ని ఎగురవేశారు. ఇలాంటివి 300కు పైగా తయారయ్యాయి.

ఇంధనం ఆదా చేయాలన్న పట్టుదల కూడా ఆయనను వదలలేదు. ఒకే సిలిండరులో రెండు పిస్టన్లు ఎదురెదురుగా నడిచే డీజిల్ ఇంజనును విమానానికి తగినట్లు మలిచారు. సిలిండరు హెడ్డు లేనందువల్ల వేడి వృథా తగ్గేది. పెట్రోలు ఇంజన్ల కంటే తక్కువ ఇంధనంతో నడిచేది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన కర్మాగారం సైన్యానికి విమానాలు చేసిన మాట నిజమే. యుద్ధం ముగిశాక మాత్రం ఆయన ధ్యాస ప్రయాణీకుల విమానాల మీదకు మళ్ళింది. ఆర్థికమాంద్యం దెబ్బకు 1932లో గీజర్ల వ్యాపారాన్ని బాష్ కంపెనీకి అమ్ముకోవలసి వచ్చింది. 1933లో అధికారానికి వచ్చిన నాజీలు దేశద్రోహ నేరం మోపుతామని బెదిరించి పేటెంట్లను, కంపెనీలో అధిక భాగం వాటాలను వ్రాయించుకున్నారు. డెస్సావ్‌లో అడుగు పెట్టనివ్వలేదు. 1935 ఫిబ్రవరి 3న, సరిగ్గా 76వ పుట్టినరోజున, మ్యూనిక్ దగ్గర గౌటింగ్‌లో కన్నుమూశారు.

అదే సంవత్సరం, ఆయన పోయిన తర్వాత, స్టూకా బాంబరు తొలిసారి ఎగిరింది. దానికీ యుంకర్స్ పేరే! యుద్ధం సినిమాలలో ఆ పేరు వినిపించినప్పుడు, ఆ పెద్దమనిషి అసలు కథను మన మనవలకు, మనవరాళ్ళకు మనమే చెప్పాలి.