లక్కపలకలో నిలిచిన గళము

విద్యకును వస్తువునకును గొప్ప భేదము కలదు. విద్య పంచినకొలది వృద్ధి పొందును. వస్తువు పలువురి చేతులలో పడినకొలది క్షీణించును. గాయకుడు ఘంటసాల వేంకటేశ్వరరావు గళము గురువుల దానమువలన రూపొంది, పెళుసైన గ్రామఫోను పలకలలో చేరి తెలుగు లోగిళ్లలో నిలిచెను.

ఆయన 1922 డిసెంబరు 4వ తేదీన గుడివాడ సమీపమందలి చౌటపల్లిలో జన్మించెను. తండ్రి సూరయ్య తరంగములు పాడుచుండగా బాలుడు నృత్యము చేసెడివాడు. చిన్ననాటనే పితృవియోగము కలిగెను. సంగీతము నేర్వవలెనను పట్టుదలతో విజయనగరము చేరి, మధుకరముతో కడుపు నింపుకొనుచు విద్య నభ్యసించెను. పట్రాయని సీతారామశాస్త్రిగారు ధనాపేక్ష లేక తమ విద్యను ఆ నిరుపేదకు ధారపోసిరి. 1942 ఉద్యమమున కారాగారవాస మనుభవించి, పిమ్మట మదరాసు చేరి, చలనచిత్ర గాయకుడుగా, సంగీత దర్శకుడుగా విఖ్యాతి గాంచెను.

1948లో విజయవాడ రేడియో కేంద్రము వెలసినను, కోరినపుడు కోరిన పాట వినుటకు రికార్డే శరణ్యము. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆ పలకలో లక్క ఒక ముఖ్యద్రవ్యము. జారిపడినచో పగులును. చెమటయు ధూళియు గాడులలో చేరినచో స్వరము చెడును. అరిగిన ఉక్కుముల్లు గాడిని గీరివేయును. అందుచేతనే గ్రామఫోను గల గృహస్థు అతిథికి పీట వేసి, కాఫీ ఇచ్చి, అడిగిన పాట వినిపించునే గాని, పెట్టెపై చేయి వేయనిచ్చెడివాడు కాడు.

ఇది లోభమని కొందరికి తోచవచ్చును. కాని ఒకరి తొందరపాటున పలక పగిలినచో, వాకిట చేరి వినెడి ఇరుగుపొరుగు వారందరకును నష్టమే. చేతిని వారించినవాడు చెవిని వారింపలేదు. జంధ్యాల పాపయ్యశాస్త్రి రచించిన పుష్పవిలాపము ఘంటసాల గళమున రికార్డై, అక్షరము రానివారికి సైతము పద్యమును కంఠస్థము చేయించినది. ఒక్క పలక చేసిన ఉపాధ్యాయత్వ మది!

1970లో ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించెను. 1974 ఫిబ్రవరి 11వ తేదీన ఆయన దివంగతుడయ్యెను. తుదిదినములలో పాడిన భగవద్గీత మరణానంతరము ఎల్.పి. రికార్డుగా వెలువడెను. పాడినవారిని మరల పాడుమని అర్థించుటకు వీలులేదు. కావున ఆ పలకను అంచులు పట్టి మెల్లగా ఎత్తిన గృహస్థును పరిహసింపరాదు. గురువు చేయి చాచి ఇచ్చినదానిని, ఆ గృహస్థు చేయి అడ్డుపెట్టి కాపాడెను.