జయప్రకాశ్ నారాయణ్ (లోక్‌నాయక్)

(ఈ వ్యాసం స్వాతంత్ర్య సమరయోధుడు, బీహార్‌కు చెందిన జయప్రకాశ్ నారాయణ్ గురించి. ఇదే పేరు గల లోక్‌సత్తా స్థాపకుడు వేరొక వ్యక్తి.)

జయప్రకాశ్ నారాయణ్ (అక్టోబర్ 11, 1902 - అక్టోబర్ 8, 1979) భారత స్వాతంత్ర్య సమరయోధుడు, సోషలిస్టు నాయకుడు, సర్వోదయ కార్యకర్త. జె.పి. అనీ, లోక్‌నాయక్ అనీ ప్రసిద్ధుడు. 1974లో బీహార్ విద్యార్థి ఉద్యమానికి నాయకత్వం వహించి, దానిని సంపూర్ణ విప్లవంగా మలచడానికి ప్రయత్నించాడు. 1975-77 నాటి అత్యవసర పరిస్థితి తర్వాత కేంద్రంలో మొదటి కాంగ్రెసేతర ప్రభుత్వం ఏర్పడటానికి ప్రధాన కారకుడయ్యాడు. ఆయన పేరు చెప్పగానే చాలామందికి ఇందిరాగాంధీతో జరిగిన పోరాటమే గుర్తుకు వస్తుంది. అయితే ఆయనను ఎక్కువకాలం వేధించిన ప్రశ్న వేరు. ఓటు వేసిన తర్వాత అయిదేళ్ళపాటు పౌరుడు ఏమి చేయాలి? తాను ఎన్నుకున్న ప్రభుత్వమే దారి తప్పితే దానిని సరిదిద్దే సాధనం అతని చేతిలో ఏముంది?

బాల్యం, విద్య

జయప్రకాశ్ గంగా, ఘాఘరా నదుల సంగమ ప్రాంతంలోని సితాబ్ దియారా గ్రామంలో ఒక కాయస్థ కుటుంబంలో జన్మించాడు. తండ్రి హర్సూ దయాళ్ కాలువల శాఖలో ప్రభుత్వోద్యోగి. తల్లి ఫూల్ రాణీ దేవి. పాట్నా కాలేజియేట్ స్కూలులో, తర్వాత పాట్నా కళాశాలలో చదివాడు. 1920లో చంపారన్ ఉద్యమంలో గాంధీజీకి తోడ్పడిన న్యాయవాది వ్రజకిశోర్ ప్రసాద్ కుమార్తె ప్రభావతీ దేవితో వివాహం జరిగింది. 1921లో మౌలానా అబుల్ కలాం ఆజాద్ ఉపన్యాసం విని, పరీక్షలు దగ్గర పడినా లెక్కచేయక ప్రభుత్వ సహాయం పొందే కళాశాలను వదలిపెట్టి, బీహార్ విద్యాపీఠంలో చేరాడు.

1922లో పై చదువులకు అమెరికా వెళ్ళాడు. అక్కడ ఏడేళ్ళు గడిపాడు. ద్రాక్షతోటల్లో కూలిపని చేశాడు, హోటళ్ళలో గిన్నెలు కడిగాడు, కర్మాగారాల్లో పనిచేశాడు. బర్క్‌లీలో రుసుము పెరగడంతో అయోవాకు మారాడు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఉండగా మార్క్సిస్టు అయ్యాడు. చివరకు ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం నుండి సమాజశాస్త్రంలో ఎం.ఏ. పట్టా పొందాడు. ఈ కాలంలో ప్రభావతి సబర్మతి ఆశ్రమంలో ఉండి బ్రహ్మచర్య వ్రతం స్వీకరించింది. 1929లో తిరిగివచ్చిన జయప్రకాశ్ ఆ వ్రతాన్ని జీవితాంతం గౌరవించాడు. ఆ రోజుల్లో ఆమెకు కమలా నెహ్రూతో గాఢమైన స్నేహం ఉండేది. తరువాతి రాజకీయాలను చూసే పాఠకులు ఈ రెండు కుటుంబాల సాన్నిహిత్యాన్ని కూడా గుర్తుంచుకోవాలి.

స్వాతంత్ర్యోద్యమంలో

జవహర్‌లాల్ నెహ్రూ ఆహ్వానంపై కాంగ్రెస్‌లో చేరి కార్మిక పరిశోధన విభాగం బాధ్యత తీసుకున్నాడు. 1932లో అరెస్టయి నాసిక్ జైలులో ఉన్నప్పుడు మినూ మసానీ, అచ్యుత్ పట్వర్ధన్, అశోక్ మెహతాలతో పరిచయమైంది. 1934లో పుట్టిన కాంగ్రెస్ సోషలిస్టు పార్టీకి బీజం పడింది ఆ జైలులోనే. ఆ పార్టీకి జయప్రకాశ్ ప్రధాన కార్యదర్శి అయ్యాడు.

క్విట్ ఇండియా ఉద్యమకాలంలో, 1942 నవంబర్‌లో దీపావళి రాత్రి, అయిదుగురు సహచరులతో కలిసి హజారీబాగ్ జైలు గోడ దూకి తప్పించుకోవడం ఆయనను దేశమంతటా వీరుడిని చేసింది. నేపాల్ సరిహద్దుల్లో ఆజాద్ దస్తా పేరుతో దళాన్ని నడిపాడు. 1943లో పంజాబ్‌లో రైలు ప్రయాణంలో పట్టుబడ్డాడు. లాహోర్ కోటలో చిత్రహింసలు అనుభవించాడు. 1946 ఏప్రిల్‌లో రామ్ మనోహర్ లోహియాతో పాటు విడుదలయ్యాడు.

పార్టీలకు దూరంగా

1948లో సోషలిస్టులు కాంగ్రెస్ నుండి బయటకు వచ్చారు. 1952 మొదటి సార్వత్రిక ఎన్నికల్లో సోషలిస్టు పార్టీ దారుణంగా దెబ్బతిన్నది. అప్పటికే జయప్రకాశ్ ఆలోచనలు మారుతున్నాయి. 1951 ఏప్రిల్ 18న తెలంగాణలోని పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాల దానంతో మొదలైన వినోబా భావే భూదానోద్యమం ఆయనను ఆకర్షించింది. 1954లో బోధ్ గయ సర్వోదయ సమ్మేళనంలో జీవనదానం ప్రకటించాడు. 1957లో పార్టీ సభ్యత్వం కూడా వదులుకున్నాడు. నెహ్రూ తర్వాత ప్రధాని కాగలవాడని చాలామంది భావించిన వ్యక్తి ఇలా తప్పుకోవడం అప్పట్లో చాలామందికి వింతగా తోచింది.

1959లో భారత రాజ్యవ్యవస్థ పునర్నిర్మాణంపై ఆయన ఒక పుస్తకం ప్రకటించాడు. పార్టీలు అభ్యర్థులను పైనుండి దించుతాయి, ఓటరు వారిలో ఒకరిని ఎంచుకోవడం తప్ప చేయగలిగింది లేదు, అధికారమంతా రాజధానిలో పోగుపడుతుంది అన్నది అందులోని వాదన. గ్రామసభ పునాదిగా, అధికారం కింది నుండి పైకి సాగే వ్యవస్థ కావాలని కోరాడు. దీనినే పార్టీరహిత ప్రజాస్వామ్యం అంటారు. ఆచరణసాధ్యం కాదని రాజనీతి శాస్త్రజ్ఞులు విమర్శించారు. ఆ విమర్శలో బలం లేకపోలేదు.

ఈ కాలంలోనే నాగాలాండ్ శాంతి బృందంలో పనిచేశాడు. 1965లో ప్రజాసేవకు రామన్ మెగసెసే పురస్కారం పొందాడు. 1966-67 బీహార్ కరవులో సహాయక కార్యక్రమాలు నడిపాడు. 1972లో చంబల్ లోయలో వందలమంది బందిపోట్లు ఆయన ఎదుట ఆయుధాలు విడిచారు. 1973 ఏప్రిల్‌లో ప్రభావతి క్యాన్సర్‌తో మరణించింది. ఆ తర్వాత, ఆమెకు కమలా నెహ్రూ రాసిన ఉత్తరాలను ఆయన ఇందిరాగాంధీకి అందజేశాడు.

బీహార్ ఉద్యమం

1974 ప్రారంభంలో గుజరాత్‌లో విద్యార్థుల నవనిర్మాణ ఆందోళన చెలరేగింది. అహ్మదాబాద్ ఇంజనీరింగ్ కళాశాల హాస్టలులో భోజనం బిల్లు పెరగడం దానికి నాంది. ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చిమన్‌భాయ్ పటేల్ రాజీనామా చేశాడు, మార్చిలో శాసనసభ రద్దయింది. మార్చి 18న పాట్నాలో విద్యార్థులు శాసనసభను ముట్టడించారు. కాల్పులు, గృహదహనాలు జరిగాయి. విద్యార్థి నాయకులు నాయకత్వం కోసం జయప్రకాశ్ వద్దకు వచ్చారు. అప్పటికి ఆయనకు 71 ఏళ్ళు, ఆరోగ్యం కూడా బాగాలేదు. ఉద్యమం అహింసాయుతంగా ఉండాలి, బీహార్‌కే పరిమితం కారాదు అని రెండు షరతులు పెట్టి అంగీకరించాడు. ఏప్రిల్ 8న పాట్నా వీధుల్లో నోటికి గుడ్డలు కట్టుకొని, చేతులు వెనుకకు పెట్టుకొని మౌన ఊరేగింపు జరిపారు. జూన్ 5న గాంధీ మైదానంలో జరిగిన మహాసభలో సంపూర్ణ విప్లవాన్ని ప్రకటించాడు.

ఈ విప్లవం ప్రభుత్వాన్ని మార్చడానికి మాత్రమే ఉద్దేశించింది కాదు. రాజకీయ, ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక, భావజాల, విద్యా, ఆధ్యాత్మిక రంగాలు ఏడింటిలోనూ మార్పు రావాలన్నాడు. కులచిహ్నాలు విడిచిపెట్టాలని, కట్నం తీసుకోరాదని యువకులకు చెప్పగా, పలువురు యజ్ఞోపవీతాలు తీసివేశారు.

ఆచరణలో దీనికి రెండు అంగాలు ఉన్నాయి. మొదటిది నిరసన: శాసనసభ్యుల రాజీనామా కోరడం, పన్నులు కట్టకపోవడం, విద్యార్థులు ఒక సంవత్సరం చదువు మానడం. రెండవదానిని చరిత్రకారులు అంతగా పట్టించుకోలేదు. గ్రామం నుండి జిల్లా వరకు విద్యార్థి సంఘర్ష సమితులు, జన సంఘర్ష సమితులు ఏర్పరచి, చౌకధరల దుకాణంలో సరుకు సక్రమంగా అందుతున్నదా, బ్లాకు ఆఫీసులో లంచం అడుగుతున్నారా అని పౌరులే కనిపెట్టి ఉండటం, తగవులు ఊరిలోనే తీర్చుకోవడం, రేపు ఎన్నికలు వస్తే ఈ సమితులే మంచి అభ్యర్థిని గుర్తించి, గెలిచిన తర్వాత అతనిపై నిఘా ఉంచడం ఇందులోని అంశాలు. నమ్మకం కోల్పోయిన ప్రతినిధిని గడువు తీరకముందే వెనుకకు పిలిచే హక్కు ఓటరుకు ఉండాలన్నది దీనికి కొనసాగింపు. కొన్ని బ్లాకుల్లో జనతా సర్కార్ పేరుతో ఇటువంటి సమితులు పనిచేశాయి. కాని ఎక్కువ చోట్ల అవి కాగితంపైనే మిగిలాయి. సమితి కట్టడం కంటే సభకు జనాన్ని పోగుచేయడం సులువు. జయప్రకాశ్‌కు మద్దతిచ్చిన పార్టీల దృష్టి అంతా సభలపైనే ఉండేది.

ఆ ఏడాదే ఏప్రిల్‌లో సిటిజన్స్ ఫర్ డెమోక్రసీ అనే సంస్థను స్థాపించాడు. దాని తరఫున వి.ఎం. తార్కుండే అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఎన్నికల సంస్కరణలపై నివేదిక ఇచ్చింది. ఓటు హక్కు వయస్సు 18 ఏళ్ళకు తగ్గించాలని, ఎన్నికల సంఘంలో ముగ్గురు సభ్యులు ఉండాలని అందులో ఉంది. ఈ రెండూ తర్వాత అమలులోకి వచ్చాయి. మొదటిది 1989లో 61వ రాజ్యాంగ సవరణతో, రెండవది 1993 నుండి స్థిరంగా. పార్లమెంటు సభ్యుడిని, శాసనసభ్యుడిని వెనుకకు పిలిచే హక్కు మాత్రం ఇప్పటికీ రాలేదు.

1974 నవంబర్ 1న ఇందిరాగాంధీతో జరిగిన చర్చలు విఫలమయ్యాయి. నవంబర్ 4న పాట్నాలో పోలీసుల లాఠీదెబ్బలు ఆయనపై పడకుండా నానాజీ దేశ్‌ముఖ్ అడ్డు నిలిచాడు. ఎన్నికల్లో తేల్చుకోమన్న ప్రధాని సవాలును ఆ నెలలోనే స్వీకరించాడు. ప్రజా ఉద్యమం పార్టీల కూటమిగా మారడానికి ఆ నిర్ణయమే తొలిమెట్టు అని చెప్పవచ్చు. 1975 మార్చి 6న ఢిల్లీలో పార్లమెంటుకు పెద్ద ఊరేగింపు నడిపాడు.

అత్యవసర పరిస్థితి

1975 జూన్ 12న అలహాబాదు హైకోర్టు న్యాయమూర్తి జగ్‌మోహన్‌లాల్ సిన్హా ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదని తీర్పు చెప్పాడు. జూన్ 24న సుప్రీంకోర్టు షరతులతో స్టే ఇచ్చింది. మరునాడు ఢిల్లీ రాంలీలా మైదానంలో జరిగిన సభలో జయప్రకాశ్, చట్టవిరుద్ధమైన ఆజ్ఞలను పాటించవద్దని సైన్యాన్ని, పోలీసులను కోరాడు. ఆ రాత్రే అత్యవసర పరిస్థితి విధించారు. తెల్లవారుజామున గాంధీ శాంతి ప్రతిష్ఠాన్‌లో ఆయనను అరెస్టు చేశారు. చండీగఢ్‌లోని ఆసుపత్రిలో నిర్బంధించారు. అక్కడ ఆయన రాసుకున్న దినచర్య తర్వాత ప్రిజన్ డైరీగా అచ్చయింది. మూత్రపిండాలు చెడిపోవడంతో నవంబర్‌లో పెరోల్‌పై వదిలారు. బొంబాయి జస్లోక్ ఆసుపత్రిలో చికిత్స పొందాడు. మిగిలిన జీవితమంతా డయాలసిస్‌పైనే గడిచింది. ఆ యంత్రం కొనడానికి ప్రజలు చందాలు వేసుకున్నారు. ఇందిరాగాంధీ పంపిన విరాళాన్ని ఆయన తిప్పి పంపాడు.

1976 అక్టోబర్‌లో, అత్యవసర పరిస్థితి ఉండగానే, పౌరహక్కుల కోసం ఒక సంఘాన్ని స్థాపించాడు. దాని ప్రధాన కార్యదర్శి కృష్ణకాంత్ తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నరు అయ్యాడు. ఆ సంఘం నేటి పి.యు.సి.ఎల్.

జనతా ప్రభుత్వం

1977 జనవరి 18న ఎన్నికలు ప్రకటించగానే నాలుగు ప్రతిపక్ష పార్టీలను ఒకటి కమ్మని ఆయన పట్టుబట్టాడు. మార్చి ఎన్నికల్లో జనతా పార్టీ 295 స్థానాలు, కాంగ్రెస్ 154 స్థానాలు పొందాయి. ఉత్తర భారతదేశంలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాల్లో 41 ఆ పార్టీకే దక్కాయి. జనతా తరఫున నంద్యాల నుండి నీలం సంజీవరెడ్డి ఒక్కడే గెలిచాడు. జయప్రకాశ్, ఆచార్య కృపలానీ కలిసి ప్రధానిగా మొరార్జీ దేశాయ్‌ని ఎంపిక చేశారు. మార్చి 24న రాజ్‌ఘాట్‌లో పార్లమెంటు సభ్యులతో ప్రతిజ్ఞ చేయించారు. ఓడిపోయిన ఇందిరాగాంధీని ఇంటికి వెళ్ళి పరామర్శించినవాడు కూడా జయప్రకాశే.

ఈ ప్రభుత్వం చేసిన మేలు 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణలో కనిపిస్తుంది. ఆంతరంగిక కల్లోలం అన్న సాకు తొలగి, సాయుధ తిరుగుబాటు అన్న కారణం ఉంటేనే అటువంటి అత్యవసర పరిస్థితి విధించవచ్చునని, మంత్రివర్గం లిఖితపూర్వకంగా కోరాలని, జీవించే హక్కును ఎట్టి పరిస్థితిలోనూ నిలుపుదల చేయరాదని మార్చారు. అయితే సమితులు, నిఘా, ప్రతినిధిని వెనుకకు పిలవడం వంటివి మాటల్లోనే మిగిలాయి. పదవుల తగాదాలతో 1979 జూలైలో మొరార్జీ, ఆగస్టులో చరణ్ సింగ్ రాజీనామా చేశారు. లోక్‌సభను రద్దు చేసే పని అప్పటికి రాష్ట్రపతిగా ఉన్న సంజీవరెడ్డిపైనే పడింది.

ఆంధ్రప్రదేశ్ ఎదురుకాల్పులపై విచారణ

తెలుగు పాఠకులు ప్రత్యేకించి తెలుసుకోవలసిన విషయం ఒకటి ఉంది. అత్యవసర పరిస్థితిలో ఆంధ్రప్రదేశ్‌లో నక్సలైట్లు ఎదురుకాల్పుల్లో చనిపోయారన్న ప్రకటనలను విచారించడానికి 1977లో జయప్రకాశ్ తార్కుండే అధ్యక్షతన ఒక పౌర కమిటీని నియమించాడు. హైదరాబాదు న్యాయవాది కె.జి. కన్నబిరాన్ అందులో పనిచేశాడు. మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో 1975 జూలైలో నలుగురు యువకుల మరణం వంటి సంఘటనలు ఎదురుకాల్పులు కావని, పట్టుకొని చంపినవని కమిటీ నివేదించింది. తర్వాత ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్‌ను నియమించవలసి వచ్చింది. అధికారం లేని పౌరులు సాక్ష్యాలు సేకరించి ప్రభుత్వాన్ని జవాబు అడగడానికి మన రాష్ట్రంలో ఇది మంచి ఉదాహరణ.

విమర్శలు

ఎన్నికైన శాసనసభను ఆందోళనతో రద్దు చేయించాలనడం ప్రజాస్వామ్యమేనా అన్నది ప్రధానమైన విమర్శ. ఓటమి పాలైన ఏ పార్టీ అయినా అదే దారి పట్టవచ్చు కదా అని అప్పుడే చాలామంది అడిగారు. సైన్యానికి, పోలీసులకు చేసిన విజ్ఞప్తిని ప్రభుత్వం అత్యవసర పరిస్థితికి సమర్థనగా చూపింది. జనసంఘ్, రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘ్ ఆయన ఉద్యమం ద్వారా గౌరవం సంపాదించుకున్నాయని వామపక్షాలు అంటాయి. వినోబా ఈ ఉద్యమాన్ని ఆమోదించలేదు, దానితో సర్వోదయ సంస్థలు రెండుగా చీలాయి. ఉద్యమం నుండి ఎదిగిన లాలూ ప్రసాద్ యాదవ్, నితీష్ కుమార్ వంటి నాయకులు బీహార్‌ను దశాబ్దాలపాటు పాలించారు. అవినీతి వ్యతిరేక పోరాటంలో పెరిగిన లాలూకు 2013లో పశుగ్రాసం కుంభకోణంలో శిక్ష పడింది.

మరొక వైపు, 1975 జనవరిలో ఆయన స్థాపించిన ఛాత్ర యువ సంఘర్ష వాహిని యువకులు 1978 నుండి బోధ్ గయ మఠం భూముల కోసం భూమిలేని కూలీలతో కలిసి అహింసాయుతంగా పోరాడారు. పంచిన భూములలో కొన్ని స్త్రీల పేరిట పట్టాలు కావడం అప్పటికి అరుదైన విషయం.

చివరి రోజులు

1979 మార్చిలో ఆయన మరణించాడని మొరార్జీ దేశాయ్ పార్లమెంటులో పొరపాటున ప్రకటించాడు. సభ సంతాపం తెలిపింది. ఆయన అప్పుడు బొంబాయి ఆసుపత్రిలో ఉన్నాడు. అక్టోబర్ 8న పాట్నా కదమ్‌కువాలోని నివాసంలో, 77వ పుట్టినరోజుకు మూడు రోజుల ముందు కన్నుమూశాడు. 1999లో మరణానంతరం భారతరత్న పురస్కారం ఇచ్చారు. పాట్నా విమానాశ్రయానికి, ఛప్రాలోని విశ్వవిద్యాలయానికి, ఢిల్లీలోని ఒక పెద్ద ఆసుపత్రికి ఆయన పేరు పెట్టారు.