కట్నం డబ్బుతో కారు కదిలించిన బెర్తా

కారు ఎవరు కనిపెట్టారని అడిగితే స్కూలు పిల్లలు కూడా కార్ల్ బెంజ్ పేరు టక్కున చెప్పేస్తారు. మరి ఆ కారు ఊరు దాటి వెళ్లగలదని, దారిలో మొరాయిస్తే అక్కడికక్కడే బాగుచేసుకుని ముందుకు సాగవచ్చని లోకానికి చూపించిందెవరు? ఆయన భార్య బెర్తా. ఆ రోజు ఆమె పక్కన మెకానిక్ లేడు. ఇద్దరు పిల్లలున్నారు, అంతే!

పుట్టగానే నిట్టూర్పు

1849 మే 3న జర్మనీలోని ఫోర్ట్స్‌హైమ్ పట్టణంలో బెర్తా రింగర్ పుట్టింది. కలిగిన కుటుంబమే. అయినా మళ్లీ ఆడపిల్లే పుట్టిందన్న దిగులును తండ్రి ఇంట్లోని బైబిల్‌లో రాసిపెట్టాడట. పెద్దయ్యాక ఆ రాత ఆమె కంటపడిందని, మనసులో గట్టిగా నాటుకుపోయిందని చెబుతారు. అప్పట్లో అక్కడ ఆడపిల్లలకు విశ్వవిద్యాలయాల్లో చోటు లేదు. బెర్తాకేమో యంత్రాలంటే ఆసక్తి. అవి ఎలా పనిచేస్తాయో తెలుసుకోవాలని తెగ కుతూహలం.

అలాంటి అమ్మాయికి కార్ల్ బెంజ్ పరిచయమయ్యాడు. చదువుకున్న ఇంజినీరే కానీ చేతిలో చిల్లిగవ్వ లేదు. గుర్రం అక్కర్లేని బండి తయారుచేయాలన్నది అతని కల. మాన్‌హైమ్‌లో భాగస్వామితో కలిసి చిన్న వర్క్‌షాపు పెడితే, ఆ భాగస్వామితో పొసగక అదీ మునిగిపోయేలా ఉంది. అప్పుడు బెర్తా తన కట్నం డబ్బులో కొంత పెళ్లికి ముందే ఇప్పించింది. ఆ సొమ్ముతో కార్ల్ భాగస్వామి వాటాను కొనేశాడు. 1872 జులైలో పెళ్లయింది. చిత్రమేమిటంటే, పెళ్లికి ముందు తన డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్పగలిగిన ఆమెకు పెళ్లయిన మరుక్షణం ఆ హక్కు పోయింది. ఆనాటి చట్టం అలాంటిది మరి!

అప్పుల మధ్య ఇంజన్ చప్పుడు

కాపురం సుఖంగా ఏమీ సాగలేదు. ఒకపక్క పిల్లలు, ఇంకోపక్క అప్పులవాళ్లు. అయినా బెర్తా భర్త ప్రయోగాలను మానిపించలేదు. 1879 చివరి రోజు రాత్రి వర్క్‌షాపులో వాళ్ల ఇంజన్ తొలిసారి ఆగకుండా నడిచింది. 1886 జనవరి 29న మోటారు బండికి పేటెంటు దరఖాస్తు చేశారు. మూడు చక్రాలు, వెనకాల ఒకే సిలిండర్ ఇంజన్, గంటకు 16 కిలోమీటర్ల వేగం. ఇవాళ మన వీధిలో సైకిలు తొక్కే కుర్రాడు దాన్ని దాటేసి వెళ్లిపోగలడు. కానీ అప్పటికి అదే అద్భుతం.

అద్భుతమే కానీ కొనేవాళ్లేరి? జనం భయపడ్డారు, కొందరు వెక్కిరించారు. కార్ల్‌ది ప్రతిదీ ఇంకా సరిచేయాలనే స్వభావం. బండిని ధైర్యంగా దూరం తీసుకెళ్లి చూపించలేదు. ఇలా అయితే పెట్టిన డబ్బు, పడిన కష్టం గంగలో పోసినట్టేనని బెర్తాకు అర్థమైంది.

చెప్పకుండా బయలుదేరి...

1888 ఆగస్టులో ఓ తెల్లవారుజామున, భర్తకు చెప్పకుండా, 15 ఏళ్ల ఆయిగెన్‌ను, 13 ఏళ్ల రిచర్డ్‌ను వెంటబెట్టుకుని బండి తీసింది. పుట్టింటికి వెళుతున్నట్టు చీటీ మాత్రం రాసిపెట్టింది. మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్ వందకు పైగా కిలోమీటర్లు. అంతదూరం అలాంటి బండిలో అప్పటికి ఎవరూ వెళ్లలేదు. దారి పొడవునా ఉన్నవి గుర్రపు బండ్ల బాటలే.

బండికి విడిగా ఇంధనం ట్యాంకు లేదు. కార్బ్యురేటర్‌లో పట్టేది నాలుగున్నర లీటర్లే. అది అయిపోవచ్చింది. పెట్రోలు బంకులు అప్పటికి లేవు కదా! వీస్‌లోఖ్ ఊళ్లో మందుల షాపుకెళ్లి, బట్టల మీద మరకలు పోగొట్టడానికి వాడే లిగ్రాయిన్ అనే ద్రవం కొని పోసింది. ఆ మందుల షాపే ప్రపంచంలో తొలి పెట్రోలు బంకని ఇప్పటికీ చెప్పుకుంటారు.

కాసేపటికి ఇంధనం వచ్చే గొట్టం పూడుకుపోయింది. టోపీకి గుచ్చుకున్న పొడవాటి పిన్ను తీసి శుభ్రం చేసింది. నిప్పురవ్వ పుట్టించే వైరు ఒరుసుకుపోతే, మేజోళ్లు జారకుండా కట్టుకునే పట్టీ తీసి చుట్టేసింది. ఇంజన్ చల్లబడాలంటే నీళ్లు కావాలి. అవి ఆవిరైపోతూనే ఉంటాయి. కనిపించిన బావి దగ్గరల్లా ఆగి నీళ్లు పోశారు. గొలుసు బాగుచేయడానికి ఓ కమ్మరి సాయపడ్డాడు. ఎత్తు ఎక్కలేకపోతే దిగి తోశారు. పల్లంలోనేమో చెక్క బ్రేకులు అరిగిపోయాయి. ఓ చెప్పులు కుట్టేవాడి దగ్గర వాటికి తోలు ముక్కలు కొట్టించింది. నేటి బ్రేకు లైనింగుకు అదే నాంది.

చీకటి పడేవేళకు పుట్టిల్లు చేరి భర్తకు టెలిగ్రాం కొట్టింది. కొన్ని రోజులకు అదే బండిలో క్షేమంగా తిరిగొచ్చింది. వస్తూ వస్తూ ఓ సలహా కూడా మోసుకొచ్చింది. ఎత్తు ఎక్కడానికి ఇంకో గేరు ఉండాలని! కార్ల్ అది అమర్చాడు. ఆ ప్రయాణం కబురు ఊరూరా పాకింది. కొనేవాళ్లు మెల్లగా రావడం మొదలైంది. 1899లో వాళ్ల కంపెనీ 572 బండ్లు తయారుచేసి ప్రపంచంలోకెల్లా పెద్ద కార్ల కంపెనీ అయింది.

పలక మీద లేని పేరు

మొట్టమొదటి బండిని మళ్లీ పూర్వరూపానికి తెచ్చి 1906లో మ్యూనిక్‌లోని డాయిష్ మ్యూజియంకు అప్పగించారు. పాత బండ్లను బాగుచేసేవాళ్లను గమనించండి. ఇంజన్ విప్పి మసి కడుగుతారు, అరిగిన భాగాలు మారుస్తారు. కానీ ఇంజన్ మీది నంబరును, ఫ్యాక్టరీవాళ్లు బిగించిన పేరు పలకను మాత్రం చెక్కుచెదరనివ్వరు. కొత్త పలక ఎంత మెరిసినా పాతదానికి సాటిరాదు. బండి ఎక్కడ పుట్టిందో, ఎవరి చేతిలో తయారైందో చెప్పే సాక్ష్యం అదే.

ఆ లెక్కన చూస్తే బెర్తాకు సాక్ష్యం లేదు. పేటెంటు పత్రం మీద ఉన్నది కంపెనీ పేరు. డబ్బిచ్చిన మనిషి, దారిలో నిలబడి లోపాలు పట్టిన మనిషి పేరు అందులో లేదు. కార్ల్ మాత్రం మరచిపోలేదు. 1925లో రాసిన ఆత్మకథలో, అందరూ చెయ్యి వదిలేసిన రోజుల్లో తోడు నిలిచింది ఆమె ఒక్కతేనని ఒప్పుకున్నాడు. 1929లో ఆయన కన్నుమూశాడు. బెర్తా లాడెన్‌బర్గ్‌లోని ఇంట్లోనే ఉండిపోయింది. చదువుకోవడానికి ఆడపిల్లలకు తలుపు తీయని విశ్వవిద్యాలయాల కాలంలో పుట్టిన ఆమెకు, 95వ పుట్టినరోజున కార్ల్స్‌రూహె సాంకేతిక విశ్వవిద్యాలయం గౌరవ సెనేటర్ హోదా ఇచ్చింది. అది 1944 మే 3. రెండు రోజులకే, మే 5న ఆమె కన్నుమూసింది.

2008లో ఆమె వెళ్లివచ్చిన దారిని బెర్తా బెంజ్ స్మారక మార్గంగా ప్రకటించి బోర్డులు పెట్టారు. రానూపోనూ 194 కిలోమీటర్లు. పేటెంటు కాగితంలో దొరకని చోటు ఆమెకు రోడ్డు పక్క బోర్డుల మీద దొరికింది. అదీ ఆమె పోయిన 64 ఏళ్లకు. మన ఇళ్లల్లోనూ దుకాణమో, వ్యాపారమో ఆడవాళ్ల నగలతో, పొదుపు సొమ్ముతో నిలబడిన సందర్భాలు ఎన్నో ఉంటాయి. వాటి కాగితాల్లో వాళ్ల పేరు ఉందో లేదో ఒకసారి తీసి చూసుకుంటే తప్పేముంది?