రామానుజన్ చూచిన రెండు మొదటి సంవత్సరములు

కళాశాలలు తెరచు దినములు వచ్చినంతనే మన పల్లెలనుండియు పట్టణములనుండియు వేలకొలది బాలబాలికలు పెట్టెబేడలతో విద్యాస్థానములకు తరలిపోవుచుందురు. వారిని సాగనంపు పెద్దలు జీతమును, వసతిని, భోజనమును విచారింతురు. కాని తొలి పరీక్షలో తప్పి వచ్చిన పిల్లవానిని సోమరి యనియో మందబుద్ధి యనియో తీర్మానించుట మన యిండ్లలో వాడుకయై పోయినది. అట్లు తీర్మానించువారు గణిత శాస్త్రజ్ఞుడు శ్రీనివాస రామానుజన్ చరిత్ర మొకమారు స్మరింపవలెనని మేము కోరుచున్నాము. విశ్వవిద్యాలయపు మొదటి సంవత్సరము నాతడు రెండు పర్యాయములు చూచెను. ఒకటి 1904లో కుంభకోణమున. రెండవది 1914లో కేంబ్రిడ్జియందు.

రామానుజన్ 1887 డిసెంబరు 22వ తేదీని ఈరోడులో జన్మించెను. తండ్రి కుంభకోణమున నొక బట్టల వర్తకునికడ గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ ఆలయమున పాటలు పాడుచు, ఇంట విద్యార్థులకు బస యిచ్చుచు సంసారమునకు తోడ్పడెను. 1903లో కార్ అను ఆంగ్లేయుడు కూర్చిన గణిత సంగ్రహ మొకటి బాలుని చేతబడెను. అందు ఇంచుమించు 5000 సూత్రములు కలవు. ఉపపత్తులు మిక్కిలి సంక్షిప్తములు, పెక్కింటికి లేనేలేవు. బాలుడు వానిని తనంతట తానే సాధింప మొదలిడెను. ఆ దినము మొదలు వేరొక చదువు వాని మనసున కెక్కలేదు.

1904లో విద్యార్థి వేతనము పొంది రామానుజన్ కుంభకోణము ప్రభుత్వ కళాశాలలో ఎఫ్.ఏ. తరగతి చేరెను. అచట గణితముతోపాటు ఇంగ్లీషును, సంస్కృతమును, గ్రీకు రోమను చరిత్రమును, శరీరశాస్త్రమును చదువవలసి యుండెను. ఉన్నత పాఠశాలలో బహుమానములందిన బాలుడు ఇచట గణితము తప్ప తక్కిన వానిని వదలివైచెను. ఇంగ్లీషు వ్యాసరచనలో తప్పెను, వేతనము పోయెను. జీతము చెల్లించు శక్తి యింట లేదు. 1905లో పదునేడేండ్ల ప్రాయమున నాతడు ఇంట జెప్పకయే బయలుదేరి విశాఖపట్టణమునకు పోయెను. సిగ్గుచే ఇల్లు విడిచిన విద్యార్థులలో నాతడు మొదటివాడు కాడు, కడపటివాడును కాడు. మరలి వచ్చి కళాశాలకు పోయినను హాజరు చాలనందున యోగ్యతాపత్రము లభింపలేదు. 1906లో చెన్నపట్టణపు పచ్చయప్ప కళాశాలలో చేరెను. అచట వ్యాధిగ్రస్తుడై ఇల్లు చేరెను. 1907లో ప్రైవేటుగా పరీక్షకు పోయి మరల తప్పెను. పట్టము లేదు, ఉద్యోగము లేదు. లెక్కల పుస్తకములు మాత్రము నిండుచుండెను.

అట్టివానిని గుర్తించిన వారెవరు? 1910లో భారత గణితశాస్త్ర సంఘ స్థాపకులు రామస్వామి అయ్యరు ఆ పుస్తకములు చూచి యాశ్చర్యపడిరి. పిమ్మట మన నెల్లూరి కలెక్టరుగా నుండిన రామచంద్రరావుగారు ఆతనికి నెలకు 25 రూపాయలు తమ సొంత సొమ్ము నొసగిరి. 1912లో చెన్నపట్టణపు రేవు కచ్చేరిలో 30 రూపాయల గుమాస్తాపని దొరకెను. 1913 జనవరిలో నాతడు కేంబ్రిడ్జి పండితుడగు హార్డీకి వ్రాసిన లేఖ ఫలించినది. ఏ మద్రాసు విశ్వవిద్యాలయపు పరీక్షలలో నాతడు తప్పెనో, ఆ విశ్వవిద్యాలయమే అదే సంవత్సరమున, పట్టము లేనివాడని యెరిగియు, పరిశోధనకై నెలకు 75 రూపాయల వేతన మిచ్చెను. నిబంధనలు మనుష్యులు చేసినవే. అవసరమైనపుడు మనుష్యులే వానిని సడలింపవచ్చునని ఈ యుదంతము చాటుచున్నది.

1914 మార్చి 17వ తేదీని శిఖ తీయించుకొని, సముద్రయాన నిషేధమును దాటి రామానుజన్ ఓడయెక్కెను. మద్రాసు విశ్వవిద్యాలయము సంవత్సరమునకు 250 పౌనులును, ట్రినిటీ కళాశాల 60 పౌనులును ఏర్పరచెను. హార్డీ వాని సహజశక్తి చెడకుండ, లోపించిన శాస్త్రపద్ధతిని మెలకువతో నేర్పెను. బుద్ధికి కావలసిన దంతయు నచట దొరకెను. దేహమున కట్లు కాదు. శాకాహార నియమము విడువనందున కళాశాల భోజనశాలకు పోక, గదిలో తానే వండుకొనెను. ఆ యాగస్టులోనే మహాయుద్ధము వచ్చి పదార్థములు దుర్లభములయ్యెను. రాత్రులు చలికి వణకుచున్నట్లు తోటి భారతీయ విద్యార్థి మహలనోబిస్ తెలిసికొని పడకగదికి పోయి చూచెను. కంబళ్లు పరుపుక్రిందకు మడచి, పైన దుప్పటి కప్పియుండెను. ఆ కంబళ్లను విప్పి నడుమ దూరి పరుండవలెనని రామానుజన్ ఎరుగడు. ఎవరును జెప్పలేదు, ఆతడు నడుగలేదు. అనంత శ్రేఢుల రహస్యములు విప్పినవానికి ఆ పడక విప్ప మిత్రుడు నేర్పవలసి వచ్చెను.

1916లో పరిశోధనచే పట్టము వచ్చెను. 1917లో తీవ్ర వ్యాధి సోకెను. 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వమును, ట్రినిటీ ఫెలో పదవియు లభించెను. 1919లో స్వదేశము చేరి, 1920 ఏప్రిల్ 26వ తేదీని 32 ఏండ్ల ప్రాయమున చెన్నపట్టణమందు కన్ను మూసెను. 2012 నుండి ఆతని జన్మదినమును జాతీయ గణిత దినముగా జరుపుచున్నారు.

పరీక్ష తప్పిన ప్రతి బాలుడును రామానుజనని మేము చెప్పబోము. అట్లనుట అసత్యము, హానికరమును. కాని మొదటి సంవత్సరపు ఓటమికి కారణము లొకటి కావు. కుంభకోణమున అన్నము తల్లి పెట్టినది. చదువు వాని త్రోవకు రాలేదు. కేంబ్రిడ్జిలో చదువు త్రోవకు వచ్చినది. అన్నమునకును నిద్రకును దిక్కు లేకపోయినది. మొదటి దానివలన పదేండ్లు పోయినవి. రెండవ దానివలన ఆయువే తరిగెనేమో యని శంకింప వలసియున్నది. కావున పిల్లలను దూరమున నుంచిన తలిదండ్రులు మార్కులను మాత్రమే యడుగక, తినుచున్నారా, నిద్రించుచున్నారా, ఏ చదువు బరువైనదని విచారింతురు గాక. అధ్యాపకులు క్రొత్తవారి గది కొకమారైన పోయి చూతురు గాక. పరీక్ష తప్పి సిగ్గుపడిన బాలుడు ఇల్లు విడిచి రైలెక్కు నవసరము లేకుండ, జరిగినది చెప్పుకొనుటకు వానికి ఇంటనే చోటు కల్పించుట పెద్దల విధి.